బొట్టు మొదటి పాలు

చూలు 262వ నాడు

గడ్డి: మూడు ట్రేలు. నీళ్ళు: నాలుగు బిందెలు, పొగమంచును నీళ్ళుగా పట్టే వలల కింద నిండినవి. పేడ: బాగుంది.

ఇది కొట్టం పుస్తకం. మా అమ్మాయి యశోద ల్యాబులో పనిచేస్తుంది. ల్యాబువాళ్ళ గేదెలు మూడూ, మా మాటలో ఎనుములు, నా చేతికింద ఉంటాయి. అవి ఏ రోజు ఏం తిన్నాయో, ఏం తాగాయో రాయాలని ఈ పుస్తకం ఇచ్చారు. "గడ్డీ నీళ్ళూ రాయి నాయనా. కథలు రాయొద్దు" అని యశోద ముందే చెప్పింది. అయిదో తరగతి చదివినవాడి చేతిలో రెండొందల తెల్ల పేజీలు పెట్టి కథలు రాయొద్దంటే ఎలా కుదురుతుంది? పైగా ఈరోజు రాయకుండా ఉంటే నా గుండె నిలవదు.

గీత వచ్చింది.

పొద్దున యశోద ల్యాబు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి, చెప్పులు కూడా లేకుండా. చేతిలో వేలెడు వెడల్పు తెల్ల పట్టీ. దాని మీద నల్లటి గీత ఒకటి, కాటుక పుల్లతో గీసినట్టు. "నాయనా, ఇది నీ రక్తం. నీకుండాది అది" అంది. నాకేముందో తెలియకపోయినా ఏడుపొచ్చింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

ఒంట్లో కొలెస్ట్రాల్ అనే కొవ్వు ఉంటుంది. దాన్ని పిత్తంగా మార్చే ఎంజైము ఒకటి ఉంటుంది. అది లేనివాళ్ళకు ఆ కొవ్వు దారి తప్పి కళ్ళలో, మడమల్లో, చివరికి మెదడులో పేరుకుంటుంది. ఆ ఎంజైము ఉందో లేదో కంటికి కనిపించదు. దాన్ని గుర్తుపట్టేది యాంటీబాడీ. "మందలో వంద దూడలున్నా తల్లి ఎనుము తన దూడ దగ్గరికే పోతుంది కదా నాయనా, అట్లాంటిది" అంది. ఆ ముక్కతో నాకు అంతా అర్థమైపోయింది.

ఎండలకు ఫ్రీజర్లన్నీ కరిగిపోయిన ఏడాదికి ముందైతే ఇలాంటివి గాజు సీసాల్లోనే తయారయ్యేవట. ఇప్పుడు పశువు ఒంట్లోనే తయారు కావాలి. నాలుగు కుందేళ్ళతో కాలేదు. మా బొట్టుతో అయింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది కాబట్టి బొట్టు అని నేను పెట్టిన పేరు. ల్యాబువాళ్ళకు అది రెండో నంబరు. ఇప్పుడు చూలుతో ఉంది. ఏడాదిగా సూదులు వేయించుకుంది, పదిహేను రోజులకోసారి మెడ దగ్గర రక్తం ఇచ్చింది, ఒక్కసారి కూడా కాలు విసరలేదు.

పట్టీ మీద నా గీత పక్కన ఖాళీ చోటు ఉంది. "ఇక్కడ ఎవరిది?" అన్నాను. యశోద ఆ చోటు మీద వేలు పెట్టింది. "మా అన్న రక్తం" అంది. వాడి రక్తం అద్దిన కాగితం ఒకటి రెండేళ్ళుగా దాచిందట.

మునీంద్ర నా కొడుకు. తొమ్మిదేళ్ళకు కళ్ళు మసకబారాయి. ఇరవైకి మడమల వెనక నిమ్మకాయంత బుడిపెలు. తర్వాత తూలడం. తాగి వస్తున్నాడని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఇంటి నుంచి కొట్టానికి వాడి అడుగులు మొదట తొంభై ఆరు. తర్వాత నూట ఇరవై. ఆఖరి ఏడు నూట డెబ్బై. దూరం పెరగలేదు, వాడి అడుగు చిన్నదైపోయింది. ఏం జబ్బో కూడా తెలియకుండా పోయాడు. ఈరోజు తెలిసింది. ఆ గీత లేని చోటే నా కొడుకు.

అయినా నాకు సంతోషంగా ఉంది. ఎంత సంతోషమంటే, కొండంతా తిరిగి చెప్పాను. పక్కింటి ఖాసింబీ వల అతుకుతూ తలెత్తి, "గీత వచ్చిందని ఇంత సంబరమా అన్నా? మా ఇంటి గోడల నిండా గీతలే. వచ్చి చూసుకోని పో" అంది. దాని కోడలు రజియా పగలబడి నవ్వింది.

చూలు 280వ నాడు

గడ్డి: మూడున్నర ట్రేలు. నీళ్ళు: అయిదు బిందెలు. బొట్టు కడుపు కిందికి దిగింది.

రక్తం తీయడం ఆపేశారు. ఈనే దాకా దాని జోలికి పోవద్దని ల్యాబు పెద్దమేడమ్ ఆర్డరు. తీసిన రక్తమంతా పరీక్ష నిజమో కాదో తేల్చుకోవడానికే అయిపోయింది. నలభై మంది పెద్దవాళ్ళ మీద రెండేసి సార్లు చేసి చూశారు. ఇక చుక్క లేదు.

మా మునెమ్మ పుట్టి ఎనిమిదో నెల. యశోద కూతురు, నా మనవరాలు. లేకలేక పుట్టింది. మామ పేరు కలిసేలా నేనే పెట్టాను. నవ్విందంటే కొట్టంలో ఎనుములు కూడా తల తిప్పి చూస్తాయి. రెండు నెలలుగా దానికి విరేచనాలు ఆగడం లేదు. యశోద గుడ్డలు ఉతికి ఆరేస్తుంది, ఏమీ అనదు. నేనూ ఏమీ అనను. మునీంద్రకు కూడా ఆ వయసులో అలాగే ఉండేది. పళ్ళు వస్తున్నాయని అనుకున్నాం అప్పట్లో.

కొండమీద నూట పది ఇళ్ళు. ఎవరు ఎవరిని చేసుకున్నా చుట్టమే. నేను అక్క కూతుర్ని చేసుకున్నాను. యశోదను మేనబావకు ఇచ్చాను. తప్పని ఎవరికి తెలుసు? దిగువకు పోయి సంబంధం వెతకాలంటే, ఆ ఎండలో ఒంటిని చల్లగా ఉంచే చల్లచొక్కా లేనిదే మనిషి మధ్యాహ్నం దాకా బతకడు.

మందు ఉంది. కోడి పిత్తం నుంచి తీసిన తెల్ల పొడి. రోజూ వేసుకుంటే ఆ కొవ్వు పేరుకోదు. కానీ జబ్బు లేనివాళ్ళకు వేస్తే కాలేయం చెడుతుంది. అందుకే పరీక్ష లేకుండా ఒక్క పలుకు కూడా ఇవ్వరు. బొట్టు ఈనాలి, పరీక్ష జరగాలి, మునెమ్మ సంగతి తేలాలి. నా లోకమంతా ఇప్పుడు ఈ ఎనుము కడుపులో ఉంది.

రజియా సంగతి కూడా తేలాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మూడు నెలలుగా మడమలు వాచాయి. చెప్పులు వెనక వైపు తొక్కేసి ఈడుస్తూ నడుస్తోంది. "కొత్త చెప్పులు కరిచినాయి మామా" అంటుంది. ఆ చెప్పులు కొత్తవి కావు.

చూలు 303వ నాడు

గడ్డి: రెండు ట్రేలే తిన్నది. పొదుగు నిండింది.

యశోద మందు గదిలోకి పోయింది. పొడి తయారుచేసే అయిదు రోజులూ లోపలివాళ్ళు బయటికి రారు, బయటివాళ్ళు లోపలికి పోరు. అల్లుడు ఉప్పు కోసం దిగువకు పోయాడు. మునెమ్మ పగలు రజియా చంకలో ఉంటుంది.

పొద్దున అద్దం కిటికీ దగ్గరికి పోయి యశోదను పలకరించాను.

"ఎనుము ఎట్లుండాది నాయనా?"

"రేపో ఎల్లుండో తల్లీ. నువ్వేమైనా తిన్నావా?"

"అది సరే. ఈనంగానే మొదటి పాలు తీసి పెట్టు. మూడు పూటలవీ. దూడకి పోంగా ఒక్క చుక్క పారబోయొద్దు. నాకు కావాల."

"ఆ మాట నువ్వు చెప్పాల్నా?" అన్నాను. ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో ఎండ ముదిరింది, అందరూ లోపలికి పొమ్మని ఎండ గంట కొట్టారు. కిటికీ రేకు దిగిపోయింది.

ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకే తెలియదు. బిడ్డ పుట్టినప్పటి నుంచి యశోద సరిగా అన్నం తినలేదు. అలాంటిది నోరు తెరిచి జున్ను అడిగింది. చిన్నప్పుడు అన్నా చెల్లెలూ గిన్నె అడుగున గీకిన మాడు ముక్క కోసం కొట్టుకునేవాళ్ళు. ఆ రుచి దానికి ఇంకా గుర్తుంది. మునెమ్మ పుట్టినప్పుడు రేషనులో ఇచ్చిన బెల్లం అచ్చు గుడ్డలో చుట్టి దాచాను. మిరియాలు ఖాసింబీని అడగాలి.

ఈనిన నాడు

పెయ్య దూడ. తెల్లారేసరికి ఈనింది. దూడ నుదుటన కూడా గోరంత మచ్చ.

మొదట దూడకే వదిలాను, కడుపు నిండా తాగే దాకా. మునీంద్ర ఎప్పుడూ అలాగే చేయించేవాడు. "అది దాని సొత్తు నాయనా, మనం తర్వాత" అనేవాడు. ఆ తర్వాత పిండాను. పసుపు కలిపినట్టు చిక్కగా, చేతికి అంటుకునే పాలు. పొద్దుటివి, సాయంత్రానివి కలిపి నాలుగు చెంబులు. చల్లపెట్టెలో పెట్టాను.

రేపు పొద్దుటి పూటవి కూడా కలిపి వండుతాను.

ఈనిన రెండో నాడు

గడ్డి: ఒక ట్రే. నీళ్ళు: మూడు బిందెలు. బొట్టు కొంచెం డీలాగా ఉంది, ఈనిన అలసట.

ఈరోజు కంటే మంచి రోజు నా జీవితంలో వచ్చి ఉంటే నాకు గుర్తులేదు. మూడు పూటల పాలూ పెద్ద తపేలాలో పోసి, బెల్లం తరిగి వేసి, మిరియాలు దంచి వేసి, ఆవిరి మీద పెట్టాను. కదిలించకుండానే గడ్డకట్టింది. కత్తి పెడితే ముక్క ముక్కగా లేచింది.

జున్ను ఒక్కరే తినకూడదు. ఇరుగుపొరుగుకు పంచకపోతే పాడి నిలవదని మా అమ్మ అనేది. యశోదకు ఒక గిన్నె నిండా తీసి పక్కన పెట్టి, మిగతాది నలభై ఇళ్ళకు ఇచ్చాను. చంటిపిల్లలున్న ఇళ్ళకు ఒక ముక్క ఎక్కువే వేశాను. ఎవరు అడిగినా ఒకటే చెప్పాను, "మా యశోద అడిగింది, మా బొట్టు ఇచ్చింది" అని.

రజియా వాకిట్లోనే నిలబడి తిన్నది. మునెమ్మను ఒక చంకలో పెట్టుకుని, రెండో చేత్తో గిన్నె గీకింది.

"ఇంకొంచెం ఉండాదా మామా?"

"సిగ్గు లేదా నీకు?" అంది ఖాసింబీ.

"నాకు లేదు. నీకుంటే నీది కూడా ఇట్ల ఇయ్యి."

ఇంకో ముక్క వేశాను. రేపు యశోద బయటికి వస్తుంది.

ఈనిన మూడో నాడు

గడ్డి: లేదు. నీళ్ళు: లేదు.

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

యశోద పొద్దున మందు గది నుంచి బయటికి వచ్చి నేరుగా కొట్టంలోకి వచ్చింది. చేతిలో ల్యాబు సీసాలు నాలుగు, మంచు డబ్బా. నేను క్యారియరు మూత తీసి ముందు పెట్టాను.

"ఏంది నాయనా ఇది?"

"నువ్వు అడిగిందే తల్లీ. మొదటి పాలు."

"పచ్చి పాలు యాడుండాయి?"

"పచ్చివి ఎట్ల ఉంటాయమ్మా? మూడు పూటలవీ వండేసినా. ఒక్క చుక్క పారబోయలేదు."

క్యారియరు వైపు చూసింది. సీసాలు ఒక్కొక్కటిగా నేల మీద పెట్టింది.

"పంచినావా?"

"నలభై ఇళ్ళకి."

కోప్పడి ఉంటే బాగుండేది. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "ఈనేముందర ఎనుము రక్తంలో ఉండే యాంటీబాడీ అంతా పొదుగులోకి దిగిపోతుంది నాయనా. దూడ కోసం. ఆర్నెల్లు మెడ దగ్గర గుచ్చి తీసినా రానంత, ఆ మూడు పూటల పాలల్లో ఉంటుంది. దానికోసమే అడిగినా. మంట మీద పెడితే అది గడ్డకట్టి చచ్చిపోతుంది."

"గడ్డకట్టేది అదేనా తల్లీ?"

"అదే నాయనా. జున్నంటే అదే."

నేను క్యారియరు మూత పెట్టబోయాను. యశోద చెంచా తీసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. "బెల్లం బాగా పడింది" అంది.

మా వెనకే బొట్టు ముందు కాళ్ళు మడిచి కూర్చుంది, మళ్ళీ లేవలేదు. పాల జ్వరం, ఒంట్లో సున్నమంతా పాలల్లోకి పోయి ఈనిన ఎనుములకు వచ్చేది. దానికి వేసే సూది మందు కొండమీద లేదు. చెవులు చల్లబడ్డాయి, మెడ పక్కకు తిప్పి పడుకుంది. నిన్నటి డీలాతనం అలసట కాదు, నేనే చూసుకోలేదు. సంబరంలో ఉన్నాను. యశోద ఏడుస్తూనే మెడ దగ్గర సూది పెట్టి రక్తం తీసింది. ఎండ గంటకు ముందే బొట్టు పోయింది.

సాయంత్రం ఆ రక్తంతో పట్టీ చేసి చూశారు. నాకు కూడా గీత రాలేదు. యశోద చెప్పింది నిజమే. రక్తంలో ఉన్నదంతా పాలల్లోకే పోయింది.

కొత్త ఎనుముకు మొదటి నుంచి మొదలుపెట్టాలి. సూదిలో వేసే సరుకు తయారుకావడానికి మూడు నెలలు, ఆ తర్వాత ఆరు. తొమ్మిది నెలలు.

ఈనిన అయిదో నాడు

దూడ: కింది ఇంటి అన్నపూర్ణమ్మ వాళ్ళ ఎనుము పాలు సీసాతో రెండు పూటలు తాగింది.

పెద్దమేడమ్ యశోదను పిలిచి ఒకటే అడిగిందట: దూడ తాగిందా?

తాగింది. కడుపు నిండా తాగింది. ముందు దానికే వదిలాను. పుట్టిన రోజున దూడ తాగిన పాలలోని యాంటీబాడీ చెడకుండా దాని రక్తంలోకి పోతుందట. ఒకరోజు దాటితే పోదట. ఈ మాట విని కొట్టంలోకి పోయి దూడ మెడ పట్టుకుని కూర్చున్నాను. మునీంద్రా, నువ్వు చెప్పిన మాటే నాయనా. నువ్వు చెప్పినట్టే చేశాను.

కానీ అయిదు రోజుల దూడ, తల్లి లేనిది. దాని దగ్గర ఎంత తీయగలరు? శుభ్రం చేశాక ఒక్క పట్టీకి, రెండు చోట్లకు సరిపోతుంది. ఒక చోటు నాది. నా గీత వస్తేనే పరీక్ష పనిచేసినట్టు లెక్క. మిగిలింది ఒక్క చోటు.

యశోద ఎవరి పేరూ ఎత్తలేదు. నేనే ఖాసింబీ ఇంటికి పోయాను. వాకిట్లో వల అతుకుతోంది.

"కూర్చో అన్నా. ఎనుము పోయింది కదా, తిన్నావో లేదో."

కూర్చోకుండానే చెప్పాను. ఆ జున్నులో ఏముందో, ఏం పోయిందో అంతా. ఆమె సూది ఆగింది.

"అంటే మా రజియా తినిందే, అదా?"

"అదే."

"ఇంకొంచెం పెట్టమనింది. నువ్వు పెట్టినావు."

"అవును."

"మిరియాలు నేనే ఇచ్చినా" అంది, తనలో తాను అనుకున్నట్టు.

"దూడ దగ్గర ఒక్కరికి సరిపోయేంత ఉండాదంట ఖాసింబీ. ఎవరికి చేయాలో..."

"నన్ను అడిగే దానికి వచ్చినావా, చెప్పే దానికి వచ్చినావా?"

ఆమె వల ఒళ్ళో నుంచి పక్కకు తోసింది. "పసిది నోరు తెరిచి చెప్పుకోలేదు. మాదైతే నొప్పి అని చెప్తుంది. దానికే చెయ్యండి. ఇంక పో అన్నా. నాకు కోపం వస్తా ఉండాది, ఉన్నావంటే ఏమైనా అంటా."

సాయంత్రానికి నా జున్ను గిన్నె మా గడప మీద ఉంది. కడిగి బోర్లించి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి నుంచి మా గిన్నె ఖాళీగా రాలేదు. ఏమీ లేని రోజున నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపేది. ఎత్తి చూశాను. ఏమీ లేదు.

ఈనిన తొమ్మిదో నాడు

దూడ రక్తం తీశారు, అర చెంచా. కాళ్ళు వణికాయి, కాసేపటికి పాలు తాగింది.

పట్టీ తడిపి పెట్టాక గంట సేపు చూడాలి. యశోద చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. నేను చూశాను. ముందు నా గీత వచ్చింది, తల వెంట్రుకంత సన్నగా. దాని పక్కన చూశాను. మళ్ళీ చూశాను. పెద్దమేడమ్ భూతద్దం పెట్టి చూసింది.

గీత రాలేదు.

అంటే లేదు. మామకు లేనిదే మునెమ్మకూ లేదు. యశోద నా భుజం మీద తల పెట్టింది. దాని వీపు నిమురుతూ నేను నవ్వుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. లోకంలో ఏ తాతైనా ఇలాంటి వార్తకు నవ్వుతాడా? కానీ ఎనిమిది నెలలకే తెలిసింది. ఆ పిల్ల కళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి. మడమలు వెన్నలా ఉన్నాయి. మునీంద్రకు చచ్చిపోయే నాటికి కూడా తెలియలేదు. మందు ఈ సాయంత్రమే మొదలుపెట్టారు, తేనెలో రంగరించి. మునెమ్మ ముఖం చిట్లించి, ఉమ్మి, మళ్ళీ నోరు తెరిచింది.

ఇంతకుముందైతే కొండంతా చెప్పి వచ్చేవాణ్ణి. ఈసారి కొట్టంలోకి వచ్చి దూడకు చెప్పాను.

ఈనిన ఇరవై ఎనిమిదో నాడు

దూడ పేడ: బాగుంది. మునెమ్మది కూడా గట్టిపడింది. ఇది ఈ పుస్తకంలో రాయకూడదేమో. రాశాను.

పొద్దున తలుపు దగ్గర అలికిడైతే చూశాను. రజియా. చంకలో గడ్డి మోపు.

"అత్తకి చెప్పొద్దు మామా. దూడకి తెచ్చినా."

"నువ్వేమిటికమ్మా మోయడం?"

"నడవకపోతే బిగుసుకుపోతాయి కాళ్ళు." దూడ నోటికి గడ్డి పోచ అందించింది. అది నమలడం రాక చప్పరించింది. "కొత్త ఎనుముకి సూదులు ఎప్పుడు మామా?"

"సరుకు తయారవుతా ఉండాది. ఇంక రెండు నెలలు. ఆ తర్వాత ఆరు."

"ఎనిమిదేనా. నేను ఇంకా ఎక్కువ అనుకున్నా." కాసేపు దూడ మచ్చ మీద వేలితో రాసింది. "కానీ జున్ను భలే ఉండె మామా."

తిరిగి పోతుంటే నేను గుంజ పట్టుకుని నిలబడి చూశాను. వాళ్ళ వాకిలి దాకా నూట నాలుగు అడుగులు. నేను పెదవులు కదుపుతుంటే వెనక్కి తిరిగి చూసి, "ఏం లెక్కపెడతా ఉండావు?" అంది.

"ట్రేలు" అన్నాను.

కొత్త సూది 1వ నాడు

గడ్డి: మూడు ట్రేలు. నీళ్ళు: నాలుగు బిందెలు. మూడో నంబరు ఎనుముకు మొదటి సూది. కాలు విసిరింది. పేరు ఇంకా పెట్టలేదు.

ఈ పుస్తకం అట్ట లోపల పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను: ఈనిన వెంటనే మొదటి పాలు పచ్చివే సీసాల్లో పోసి, మంచు డబ్బాలో ల్యాబుకు. వండరాదు. నా తర్వాత ఎవరు వచ్చినా చదవాలి.

రజియా: నూట పదహారు.

కొత్త సూది 88వ నాడు

గడ్డి: మూడు ట్రేలు. నీళ్ళు: అయిదు బిందెలు. దూడ: కట్టు తెంపుకుంది, పట్టుకోవడానికి నాకు అరగంట పట్టింది. మునెమ్మ: గోడ పట్టుకోకుండా నిలబడి, మూడు అడుగులు వేసి, నా మోకాళ్ళ మీద పడింది. మూడూ నేనే లెక్కపెట్టాను.

రజియా: నూట ముప్పై ఒకటి.